బాదం చెట్టుకి వైరస్ లేదని చెప్పడం ఎంత కష్టమో

నేను పనిచేసే ల్యాబ్‌కి ఒకసారి జూలై చివర్లో ఓ ప్యాకెట్ వచ్చింది. పది బాదం చెట్ల ఆకులు, చెట్టుకో కవరు, కవరు మీద మార్కర్‌తో వరస నంబరు, చెట్టు నంబరు. తోట యజమాని అడిగింది ఒక్కటే: వీటికి వైరస్ ఉందా, లేదా? ఎలీసా (ప్లేటులోని చిన్న గుంటల్లో ఆకు రసం పోసి, పసుపు రంగు వస్తే వైరస్ ఉందనుకునే పరీక్ష) చేశాం, పదీ నెగెటివ్ వచ్చాయి, రిపోర్టు పంపించేశాం. ఆయన సంతోషంగా ఆ పదింట్లో బాగా కాసే చెట్టు నుంచి మొగ్గలు తీయించి కొత్త మొక్కల మీద అంట్లు కట్టించుకున్నారు. మరుసటి వసంతంలో ఆ అంట్లు చిగురించగానే ఆకుల మీద పసుపు మచ్చలు. అవి మళ్లీ మా దగ్గరికే వచ్చాయి, ఈసారి పాజిటివ్. తల్లి చెట్టు చిగుళ్లు కూడా తెప్పించి చూశాం. అదీ పాజిటివే, పైగా ప్లేటు మొత్తంలో అందరికంటే ముందు పసుపెక్కింది ఆ చెట్టు వెల్, అంటే దాని రసం పోసిన గుంటే.

ఆయన ఫోన్ చేసి గట్టిగా ఏం అనలేదు. "ఏమండీ, మీరే కదా లేదన్నారు?" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది.

ల్యాబ్‌లో ఎవరూ తప్పు చేయలేదు. కిట్ పాతది కాదు, కంట్రోల్స్ (ఫలితం ముందే తెలిసిన పోలిక శాంపిల్స్) సరిగ్గానే వచ్చాయి. మేం పరీక్షించిన ఆకుల్లో ఆ రోజు పట్టుకోగలిగినంత వైరస్ లేదు. కానీ మేం రాసింది "ఈ ఆకుల్లో దొరకలేదు" అని కాదు, చెట్టు నంబరు ఎదురుగా ఒక్క మాట: నెగెటివ్. ఆయన దాన్ని "చెట్టు శుభ్రం" అని చదువుకున్నారు. ఎవరైనా అలాగే చదువుకుంటారు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం గురించే ఈ పోస్టు, ఎందుకంటే బాదం వైరస్‌ల పనిలో కష్టమంతా ఆ దూరంలోనే ఉంది.

ముందు వైరస్‌ల సంగతి. బాదం, పీచ్, ప్లమ్, చెర్రీ, ఆప్రికాట్ అన్నీ ప్రూనస్ అనే ఒకే కుటుంబం పిల్లలు, కాబట్టి జబ్బులు కూడా అన్నదమ్ముల మధ్య పంచుకున్నట్టు పంచుకుంటాయి. బాదంలో మాకు ఎక్కువగా తగిలేది ప్రూనస్ నెక్రోటిక్ రింగ్‌స్పాట్ వైరస్. ప్రతిసారీ ఇంత పేరు పలకలేక పీఎన్ఆర్ఎస్‌వీ అంటాం. దాని వెనకే ప్రూన్ డ్వార్ఫ్ వైరస్, పీడీవీ. ఇవి రెండూ ఇలార్‌వైరస్ అనే జాతివి. ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసినప్పుడు నాకు సరదాగా అనిపించింది: ఐసోమెట్రిక్, లేబైల్, రింగ్‌స్పాట్ అనే మూడు మాటల ముందక్షరాలు కలిపి కట్టారు. ఐసోమెట్రిక్ అంటే కణం గుండ్రంగా, అన్ని వైపులా ఒకే కొలతలో ఉంటుందని. రింగ్‌స్పాట్ అంటే ఆకు మీద వలయాల్లాంటి మచ్చలు. లేబైల్ అంటే నిలకడ లేనిదని, అంటే ఆకు నూరి రసం తీశాక అందులో ఎక్కువసేపు బతికి ఉండదని. చెట్టులో ఉన్నంతకాలం ఏళ్ల తరబడి కదలకుండా కూర్చునేది ఆకు రసంలోకి రాగానే చచ్చిపోతుంది. అందుకే ఈ రసాన్ని ఇంకో మొక్క ఆకు మీద రుద్ది జబ్బు ఎక్కించాలనుకుంటే నూరేటప్పుడు కలిపే ద్రావణం, అంటే బఫర్, చల్లగా ఉండాలి, చేయి చురుగ్గా ఆడాలి. మొదట్లో నేను తాపీగా, శ్రద్ధగా నూరేదాన్ని. ఫలితం ఎప్పుడూ సున్నా.

ఇక జూలై సంగతి. ఇలార్‌వైరస్‌లు వసంతంలో, చిగుళ్లు లేత ఆకుపచ్చగా ఉన్నప్పుడు, పూతలో, విచ్చుకోబోయే మొగ్గల్లో పుష్కలంగా ఉంటాయి. ఎండలు ముదిరి ఆకు ముదిరేకొద్దీ వాటి మోతాదు పడిపోతుంది. చెట్టు వాటిని తరిమేసిందని కాదు, ఆ వేడికి వైరస్ తన కాపీలు తీసుకోవడం తగ్గుతుంది, ఇంకోపక్క చెట్టు రక్షణ వ్యవస్థ కూడా వైరస్ ఆర్ఎన్ఏని ముక్కలు చేస్తూ ఉంటుంది. దానికి తోడు చెట్టులో వైరస్ సమానంగా పరుచుకుని ఉండదు. తూర్పు కొమ్మలో బోలెడు ఉండి పడమటి కొమ్మలో అసలు లేకపోవచ్చు, ముఖ్యంగా జబ్బు తగిలిన తొలి ఒకటి రెండేళ్లలో. జూలైలో, చేతికందిన ఒక్క కొమ్మ నుంచి, ముదురాకులు. అబద్ధం చెప్పించడానికి ఇంతకంటే ఏం కావాలి?

కంటితో చూసి చెప్పలేమా అని చాలామంది అడుగుతారు. కొన్నిసార్లు చెప్పొచ్చు. పీఎన్ఆర్ఎస్‌వీలో కొన్ని రకాలు బాదం ఆకుల మీద తెల్లటి, పసుపు మచ్చలు పులిమినట్టు వేస్తాయి, దీన్ని కాలికో అంటారు, వసంతంలో ఎండ పడుతున్న కొమ్మ మీద చూస్తే నిజంగా అందంగా ఉంటుంది (చెట్టు యజమాని పక్కన ఉన్నప్పుడు ఆ మాట పైకి అనకూడదు). కానీ ఈ వైరస్‌కి ఇంకో అలవాటు ఉంది. జబ్బు తగిలిన తొలి వసంతంలో గట్టిగా దెబ్బ కొడుతుంది, ఆకుల మీద మచ్చలు పడి, మచ్చ ఎండి ఊడిపోయి చిల్లులు మిగులుతాయి. దీన్ని షాక్ దశ అంటాం. ఆ మరుసటి ఏడు చెట్టు మామూలుగా చిగురిస్తుంది. "కోలుకుంది" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కోలుకోలేదు, ఇద్దరూ రాజీ పడ్డారంతే. ఇక అక్కణ్నుంచి ఏ లక్షణమూ లేకుండా చెట్టు బతుకుతుంది, కాస్తుంది, ప్రతి పూతలోనూ పుప్పొడితో వైరస్‌ని పంచిపెడుతుంది. నా దృష్టిలో మచ్చలున్న చెట్టు కంటే ఈ "కోలుకున్న" చెట్టే ప్రమాదం, ఎందుకంటే మొగ్గలు తీసేది దీన్నుంచే.

ఇంకోవైపు, వైరస్ కాకుండానే వైరస్‌లా కనిపించేవి చాలా ఉన్నాయి. జింకు చాలకపోతే ఆకులు చిన్నవై, సన్నగా, గుత్తులుగా వస్తాయి. గ్లైఫోసేట్ అనే కలుపు మందు తగిలితే మరుసటి వసంతంలో ఆకులు దారాల్లా, వంకరగా వస్తాయి. ఆకుల అంచులు ఎండిపోతుంటే ఉప్పు ఎక్కువైందేమో చూడాలి, లేదా జైలెల్లా అనే బ్యాక్టీరియా కావచ్చు, అది వేసవి మధ్యలో ఆకు అంచు నుంచి లోపలికి మాడ్చుకుంటూ వస్తుంది, మాడిన భాగానికి పచ్చదనానికి మధ్య పసుపు గీత కనిపిస్తుంది. వీటన్నిటి ఫొటోలు మాకు "వైరస్" అనే పేరుతోనే వస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం ఒకటుంది. చెట్టు పైకొమ్మల్లో ఆకు మొగ్గలు విచ్చుకోకుండా ఎండిపోతాయి, కొమ్మ బోడిగా ఉంటుంది, బతికిన ఒకటి రెండు మొగ్గలు అడ్డదిడ్డంగా పెరిగి చెట్టు తల చింపిరి జుట్టులా తయారవుతుంది. దీన్ని క్రేజీ టాప్ అంటారు, పుస్తకం పేరు నాన్‌ఇన్ఫెక్షియస్ బడ్ ఫెయిల్యూర్. పేరులోనే అంటనిది అని ఉంది. కాలిఫోర్నియాలో నాన్‌పరీల్ రకంలో, ఆ తర్వాత కార్మెల్ రకంలో చాలామందిని ఏడిపించింది. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకి ఆ జబ్బు చెట్టు కొమ్మ అంటు కడితే జబ్బు ఆ చెట్టులోకి ఎక్కదు, వైరస్ అయితే ఎక్కాలి. కానీ జబ్బు చెట్టు మొగ్గతో కట్టిన కొత్త మొక్క మాత్రం కొన్నేళ్లకి అలాగే తయారవుతుంది! అంటే చూసేవాడికి ఇది అచ్చం మొగ్గల ద్వారా వ్యాపించే వైరస్‌లాగే ఉంటుంది. నిజానికి ఆ లోపం మొగ్గ కణాల్లోనే ఉంది, రకం పాతబడేకొద్దీ, వేడి ప్రాంతాల్లో పెరిగేకొద్దీ బయటపడుతుంది. డీఎన్ఏ అక్షరాలు మారకుండా వాటి మీద పడే మిథైల్ గుర్తుల్లో వచ్చే మార్పులతో దీనికి సంబంధం ఉందని ఈమధ్య పరిశోధనలు చూపిస్తున్నాయి. మరి పీఎన్ఆర్ఎస్‌వీ వల్ల వచ్చే మొగ్గ చావు ఇంకొకటి ఉంది, అది అంటుకునేదే! పక్కపక్కన రెండు ఎండిన కొమ్మలు పెట్టి ఏది ఏదో చెప్పమంటే నేను చెప్పలేను. పరీక్ష చేయాల్సిందే, మళ్లీ కథ మొదటికి.

ఎలా వ్యాపిస్తాయంటారా? మిగతా పంటల్లో వైరస్ అనగానే పేనుబంకో తెల్లదోమో గుర్తొస్తుంది, మందు కొడితే కొంతైనా ఆగుతుందని ఆశ ఉంటుంది. ఇలార్‌వైరస్‌లు ప్రయాణించేది పుప్పొడిలో. బాదం రకాల్లో చాలావాటికి తన పుప్పొడి తనకి పనికిరాదు, పక్క వరసలో ఇంకో రకం ఉండాలి, మధ్యలో తేనెటీగలు తిరగాలి, అప్పుడే కాయ. కాలిఫోర్నియాలో ఫిబ్రవరి పూతకి ఏటా సుమారు 20 లక్షల తేనెటీగల పెట్టెలు లారీల మీద దింపుతారు. అంటే వైరస్‌కి రోడ్డు, బండి, డ్రైవరు అన్నీ మనమే సమకూర్చిపెడుతున్నాం, వద్దనుకుంటే కాయే లేదు. పెట్టె ఒక తోటలో పూత ముగించుకుని ఇంకో తోటకి వెళ్తే పాత పుప్పొడి కూడా వెంట వెళ్తుంది. 1980ల్లోనే దీని మీద పరిశోధన జరిగింది, కాలిఫోర్నియా నుంచి వాషింగ్టన్ రాష్ట్రం చెర్రీ తోటలకి వెళ్లే పెట్టెలతో పాటు పీఎన్ఆర్ఎస్‌వీ కూడా వెళ్తోందా అని. తామర పురుగులదీ ఒక చేయుంది, అవి వైరస్‌ని ఒంట్లో మోయవు, ఆకు మీద రాలిన పుప్పొడి పక్కనే గీకి గాయం చేస్తాయి, ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. విత్తనం ద్వారా కూడా వస్తుంది, అంటే అంటు కట్టడానికి విత్తనంతో పెంచిన వేరు మొక్కే జబ్బుతో పుట్టి ఉండొచ్చు.

ఇన్ని చెప్పినా, వైరస్‌ని అందరికంటే వేగంగా, అందరికంటే దూరం తీసుకెళ్లేది మనిషి చేతిలోని అంటు కత్తే. తేనెటీగ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోస్తుంది. ఒక జబ్బు తల్లి చెట్టు నుంచి నర్సరీలో మొగ్గలు తీస్తే ఒక్క సీజన్‌లో వేల మొక్కలు, అన్నీ పాజిటివ్, అన్నీ వేరే వేరే తోటలకి.

పుప్పొడితో సంబంధం లేనిది ఇంకొకటుంది, టొమాటో రింగ్‌స్పాట్ వైరస్. పేరులో టొమాటో ఉందని తేలిగ్గా తీసుకోకండి, బాదంలో ఎల్లో బడ్ మొజాయిక్ అనే జబ్బు దీనిదే. ఇది మట్టిలోంచి వస్తుంది, జిఫినీమా అనే నులిపురుగు వేళ్లని పొడిచి రసం పీలుస్తూ వైరస్‌ని ఎక్కిస్తుంది. వైరస్ ఆ పురుగు గొంతు లోపలి పొరకి అతుక్కుని ఉంటుంది, పురుగు కుబుసం విడిచినప్పుడు ఆ పొర కూడా ఊడిపోతుంది, అంతటితో ఆ పురుగు శుభ్రం. మళ్లీ జబ్బు వేరు దొరికితే మళ్లీ ఎక్కించుకుంటుంది. అంతవరకూ వైరస్ ఎక్కడ ఉంటుందంటే కలుపు మొక్కల్లో. డాండెలైన్ లాంటి కలుపులో అయితే విత్తనం ద్వారా కూడా నిలుస్తుంది, ఆ విత్తనం గాలికి ఎగిరేది! చెట్టులో ఈ వైరస్ కింది నుంచి పైకి నెమ్మదిగా పాకుతుంది, కింది కొమ్మల్లో మొగ్గలు చిన్న పసుపు కుచ్చుల్లా ఆగిపోయి ఎండిపోతాయి, ఏటా బోడి భాగం కొంచెం కొంచెం పైకి జరుగుతుంది.

ఇలాంటి తోటలో అడుగుపెట్టినప్పుడు నేను ముందు చేసే పని ఆకు కోయడం కాదు, కాగితం మీద గళ్లు గీసి ఒక్కో చెట్టుకి గుర్తు పెట్టుకుంటూ నడవడం. జబ్బు చెట్లన్నీ ఒకచోట గుంపుగా, నూనె మరకలా అంచులు మెల్లగా పెరుగుతూ ఉంటే మట్టిని అనుమానించాలి. తోటంతా చెల్లాచెదురుగా, ఏటా కొత్తచోట ఒకటి కనిపిస్తుంటే పుప్పొడి. ఒకే రకం వరసల్లోనే, నాటిన నాటి నుంచే ఉంటే నర్సరీ మొగ్గ. వరస చివర్లలో, దారి పక్కన మాత్రమే ఉంటే కలుపు మందు డ్రమ్మెవరు మోశారో అడగాలి. డ్రోన్ బొమ్మల్లోనూ ఈ ఆకారం బాగా తెలుస్తుంది, కాకపోతే డ్రోన్‌కి కనిపించేది ఆకు రంగు మార్పే, లక్షణం లేని చెట్టు దానికీ పచ్చగానే కనిపిస్తుంది. ఈ గళ్ల కాగితం చాలాసార్లు పీసీఆర్ (వైరస్ జన్యు ముక్కని వెతికే ల్యాబ్ పరీక్ష) కంటే ముందు నిజం చెప్పింది నాకు.

ఇప్పుడు ల్యాబ్ లోపలికి. నాకు ఇప్పటికీ ముద్దొచ్చే పరీక్ష అన్నిటికంటే పాతది: అనుమానపు చెట్టు మొగ్గని తీసి ఇంకో సున్నితమైన చెట్టుకి అంటు కట్టడం, ఎదురుచూడడం. షిరోఫ్యూజెన్ అనే పూల చెర్రీ రకం ఉంది, పీఎన్ఆర్ఎస్‌వీగానీ పీడీవీగానీ ఉన్న మొగ్గని దానిలో పెడితే నెల దాటేసరికి ఆ మొగ్గ చుట్టూ బెరడు నల్లబడి బంక కారుతుంది. జబ్బు అక్కడితో ఆగిపోతుంది కూడా, చెర్రీ తన కణాలని తానే చంపుకుని కంచె వేసుకుంటుంది కాబట్టి ఒకే కొమ్మ మీద వరసగా చాలా మొగ్గలు పరీక్షించొచ్చు. మిగతా వైరస్‌లకి జీఎఫ్-305 అనే పీచ్ మొలకలు వాడతాం. దీని గొప్పతనం ఏంటంటే ఏ వైరస్ కోసం వెతుకుతున్నామో ముందే తెలియక్కర్లేదు, ఎవరూ పేరు పెట్టని వైరస్ ఉన్నా మొక్క చెబుతుంది. ఇబ్బంది కాలం, చోటు. గ్రీన్‌హౌస్‌లో నెలలు, తోటలో అయితే ఏళ్లు. అంతవరకూ ఆగే ఓపిక ఫోన్ చేసేవాళ్లకి ఉండదు.

1977లో క్లార్క్, ఆడమ్స్ అనే ఇద్దరు మొక్కల వైరస్‌లకి ఎలీసా ఎలా చేయాలో చూపించాక లెక్క మారిపోయింది. వాళ్లు వాడిన వైరస్‌ల్లో ఒకటి మన ప్రూనస్ కుటుంబానిదే, ప్లమ్ పాక్స్ వైరస్. 96 వెల్స్ ప్లేటు, అడుగున యాంటీబాడీ పూత, దాని మీద ఆకు రసం, దాని మీద ఎంజైమ్ తగిలించిన ఇంకో యాంటీబాడీ, చివర్లో రంగు. వైరస్ ఉంటే పసుపు. చవక, ఒక్కరోజులో వందల చెట్లు. అయితే పసుపు ఎంత ఉంటే పాజిటివ్ అని గీత గీసేది మనమే. ఆరోగ్యంగా ఉన్న చెట్ల రీడింగ్‌కి రెండింతలో మూడింతలో అని పెట్టుకుంటాం. ఆ ఆరోగ్యంగా ఉన్న ఆకు కూడా అదే వయసుది, అదే రోజు కోసింది కావాలి, లేకపోతే గీతే తప్పవుతుంది. ఫ్రీజర్‌లో దాచిన పాత ఆకుని కంట్రోల్‌గా పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు నేనూ పెట్టాననుకోండి.

ఆర్‌టీ-పీసీఆర్ అంతకంటే ఎన్నో రెట్లు సున్నితం. వైరస్ ఆర్ఎన్ఏని డీఎన్ఏగా తిప్పి, మనకి కావాల్సిన ముక్కని కోట్ల కాపీలు చేస్తాం. కానీ బాదం ఆకులో పాలీఫినాల్స్, జిగురు చక్కెరలు దండిగా ఉంటాయి, అవి ఆర్ఎన్ఏతో పాటు వచ్చేసి ఎంజైమ్ గొంతు పట్టుకుంటాయి. ఆకు నూరిన రెండు నిమిషాల్లో గోధుమరంగుకి తిరిగిందంటే ఆ శాంపిల్ మీద ఆశ తగ్గించుకోవచ్చు. అందుకే బఫర్‌లో పీవీపీ కలుపుతాం, అది పాలీఫినాల్స్‌ని పట్టేసుకుంటుంది. అందుకే వైరస్ ముక్కని వెతికి పట్టే ప్రైమర్లతో పాటు చెట్టు సొంత జన్యువు ఒకటి, మేమైతే నాడ్5, కూడా పరీక్షిస్తాం. చెట్టు జన్యువే కనిపించకపోతే వైరస్ కనిపించలేదనడానికి అర్థం లేదు, ఆ ట్యూబులో అసలు ఏదీ పనిచేయలేదన్నమాట. ఈ ఒక్క కంట్రోల్ లేకుండా వచ్చిన నెగెటివ్‌ని నేను నమ్మను, ఎవరు ఇచ్చినా సరే.

ఎక్కువ సున్నితంగా ఉండటంలో దానికదే ఒక టెన్షన్. నీళ్లు మాత్రమే వేసిన ట్యూబులో ఒక శుక్రవారం సాయంత్రం బ్యాండ్, అంటే వైరస్ ఉందని చెప్పే గీత, కనిపించింది నాకు. నీళ్లకి పీఎన్ఆర్ఎస్‌వీ! అంటే గాల్లోనో పిపెట్‌లోనో గ్లవ్ మీదో పాత పీసీఆర్ తుంపర ఉంది, ఆ వారం చేసిన పాజిటివ్‌లన్నీ అనుమానమే. పిపెట్లు విప్పి కడిగి, రియేజెంట్లన్నీ పారేసి, మొత్తం మళ్లీ చేశాం, దాదాపు రెండు వారాలు. ఆ తర్వాత ఆర్ఎన్ఏ తీసే గది, పీసీఆర్ కలిపే గది, ఫలితం చూసే గది వేరు చేశాం, ఒక గది కోటు ఇంకో గదిలోకి రాకూడదని తలుపు మీద రాసిపెట్టాం. లాంప్ అని ఇలాంటిదే ఇంకో పరీక్ష ఉంది, 2000లో వచ్చింది, 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే వేడిలో గంట లోపల అయిపోతుంది, తోట గట్టున కూడా చేసుకోవచ్చు. బాగుంది, కానీ ట్యూబు మూత తీశారంటే ఆ తుంపరతో గట్టంతా పాజిటివ్.

కొత్తగా సీక్వెన్సింగ్ వచ్చింది. ఆకులో ఉన్న ఆర్ఎన్ఏ అంతా చదివేసి, చెట్టుది పక్కన పెట్టి, మిగిలింది ఎవరిదో చూడటం. ఇంకో దారి కూడా ఉంది: వైరస్ వచ్చినప్పుడు చెట్టు దాని ఆర్ఎన్ఏని 21 నుంచి 24 అక్షరాల ముక్కలుగా కోసేస్తుంది, ఆ ముక్కలన్నీ చదివి అతికిస్తే చెట్టు ఎవరితో పోరాడిందో తెలుస్తుంది. నాకు ఇది చాలా నచ్చుతుంది, దొంగని వెతకడం మానేసి ఇంటి కుక్క నోట్లో మిగిలిన గుడ్డపీలికలు చూసినట్టు. కానీ దీంతో వచ్చిన తలనొప్పి వేరు. ఇప్పుడు దాదాపు ప్రతి పాత బాదం చెట్టులోనూ ఏదో ఒకటి దొరుకుతుంది, యాపిల్ క్లోరోటిక్ లీఫ్ స్పాట్ వైరస్, ప్లమ్ బార్క్ నెక్రోసిస్‌తో ముడిపడిన వైరస్, ఒక్కోసారి అసలు పేరే లేనిది. దొరికినంత మాత్రాన అదే జబ్బుకి కారణమా? నిరూపించాలంటే దాన్ని ఒక్కదాన్నే శుభ్రమైన చెట్టులోకి ఎక్కించి అదే జబ్బు వస్తుందో లేదో చూడాలి. చెట్టు పెరిగి లక్షణం చూపించడానికి ఏళ్లు పడుతుంది. కంప్యూటర్ రెండు రోజుల్లో అడిగిన ప్రశ్నకి చెట్టు అయిదేళ్లకి జవాబిస్తుంది.

ప్లమ్ పాక్స్ గురించి ఒక్క మాట చెప్పకపోతే తప్పవుతుంది. షార్కా అంటారు, బల్గేరియాలో తొలిసారి కనిపించింది. ఇది పేనుబంకతో వ్యాపిస్తుంది. బాదంలో సాధారణంగా లక్షణాలే చూపించదు. 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో కనిపిస్తే తోటలు కొట్టేసి, ఏళ్ల తరబడి లక్షల శాంపిల్స్ పరీక్షించి, 2019లో దేశంలో లేదని ప్రకటించగలిగారు. ఒక వైరస్ "లేదు" అని చెప్పడానికి 20 ఏళ్లు పట్టింది!

లెక్కలోనూ అదే కథ. తోటలో నూటికి ఒక్క చెట్టుకే వైరస్ ఉందనుకుందాం, మీరు 100 చెట్లు పరీక్షించారు, పరీక్ష ఎప్పుడూ తప్పు చెప్పదనే అనుకుందాం. అయినా ఆ 100లో ఒక్క జబ్బు చెట్టు కూడా పడకుండా పోయే అవకాశం సుమారు 37 శాతం. కనీసం ఒకటి పట్టుకుంటామని 95 శాతం నమ్మకం కావాలంటే దాదాపు 300 చెట్లు చూడాలి. పది చెట్లు చూసి తోట శుభ్రం అనేస్తే, ఆ పది నెగెటివ్‌లూ నిజమే అయినా, చెప్పింది దాదాపు ఏమీ లేదు.

చెట్టుకి వైరస్ తగిలాక తోటలో చేయగలిగేది లేదు, ఏ మందూ లేదు. ఉన్న దారల్లా తల్లి మొక్కని ల్యాబ్‌లో శుభ్రం చేయడం: 37, 38 డిగ్రీల వేడిలో వారాల తరబడి పెంచి, వైరస్ ఇంకా చేరని చిగురు కొనని మిల్లీమీటరు కంటే చిన్నగా కోసి దాన్నుంచి మొక్కని పెంచడం. కాలిఫోర్నియాలో యూసీ డేవిస్ విశ్వవిద్యాలయంలోని ఫౌండేషన్ ప్లాంట్ సర్వీసెస్ లాంటి చోట్ల ఇదే పని, అలా వచ్చిన మొక్క నుంచే నర్సరీలకి మొగ్గలు వెళ్తాయి. ఆ మొక్కని కూడా శుభ్రమైందని ఒక్కసారి పరీక్షించి వదలరు. వేడికి అణిగిన వైరస్ తర్వాత లేస్తుందేమోనని ఒక చలికాలం గడిపించి మళ్లీ, ఆ తర్వాత మళ్లీ చూస్తారు.

జూలై ప్యాకెట్ తర్వాత మా దగ్గర కొన్ని మారాయి. బాదం శాంపిల్స్ పూత నుంచి చిగుళ్లు ముదిరేలోపే తీసుకుంటాం, చెట్టుకి నాలుగు దిక్కుల నుంచి నాలుగు కొమ్మలు, తడి కాగితంలో చుట్టి ఐస్ పెట్టెలో. ఎండలో కారు వెనక సీటు మీద ఆరు గంటలు ప్రయాణించిన ప్లాస్టిక్ కవర్లని వెనక్కి పంపించేస్తాం, తిట్టుకున్నా సరే. తల్లి చెట్టు అయితే వరసగా రెండు వసంతాలు. రిపోర్టులో నెగెటివ్ అనే మాటే తీసేశాం, "ఫలానా తేదీన కోసిన ఈ నాలుగు కొమ్మల్లో ఈ మూడు వైరస్‌లు కనపడలేదు" అని రాస్తున్నాం.

అదే యజమాని మొన్న మార్చిలో కొత్త తల్లి చెట్టు చిగుళ్లు పంపారు, చెప్పినట్టే నాలుగు కొమ్మలు, ఐస్, తేదీ, అన్నీ. ఎలీసా, పీసీఆర్ రెండూ చేశాం, నాడ్5 చక్కగా వచ్చింది, వైరస్ ఏదీ రాలేదు. కొత్త పద్ధతిలో రిపోర్టు రాసి పంపాను. ఆ సాయంత్రమే ఫోన్. మొత్తం చదివారట, రెండుసార్లు.

"అంతా బానే ఉందండీ. ఇంతకీ వైరస్ ఉందా, లేదా?"

వచ్చే మార్చిలో ఇంకోసారి పంపమన్నాను. అప్పటిదాకా ఆ చెట్టు మీద అంటు కత్తి పెట్టొద్దని కూడా చెప్పాను. "సరే" అన్నారు గానీ ఆ సరే నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు.